పాలడబ్బా లెక్క

పదింబావుకు గంట.
నూట ముప్పై టిఫిన్ మూతలు
ఒక్క దెబ్బకు తెరుచుకుంటాయి.
బయట అబ్బాసియా వీధంతా దుమ్ము, లారీల హారన్లు,
లోపల ఏసీ కింద ఈ వాసనల సంత.

కండ్లు మూసుకోనైనా చెబుతా నేను:
ఇది జోయెల్ వాళ్లమ్మ ఆవిరికి పెట్టిన పుట్టు,
ఇది ఫర్హీన్ ఖుబ్బూసులో చుట్టుకొచ్చిన కీమా,
ఇదిగో ఇది మా రాజంపేట దిక్కుది,
శెనిక్కాయల ఊరిబిండి.
మూత తీయకముందే నా నోట్లో నీళ్లు.

నా పని మూతలు తీసిపెట్టేది,
మూతులు తుడిచేది,
"ఒకరిది ఒకరు తినగూడదు" అని
గోడ మీద అంటించిన మాటను
నాలుగు భాషల్లో చెప్పేది.
నా మలయాళానికి పిల్లోళ్లు నవ్వుతారు.
నవ్వనీ.
నవ్వేటప్పుడు ఇంకో ముద్ద లోపలికి పోతుంది.

ఆ వారం యాడో వరదలొచ్చినాయంట.
షైనీ టీచరు పాలపొడి డబ్బాకు రంగుకాగితం చుట్టి
మూతకు చాకుతో చీలిక పెట్టింది.
"తిండిలేని వాళ్లకు, పిల్లలూ,
మీకు తోచింది వేయండి."
యాభై ఫిల్సులు, నూరు ఫిల్సులు,
నాయన జేబులోంచి అడిగి తెచ్చిన అర దీనారు.
బేస్తవారం కప్పుకేకులు అమ్మినారు,
మురుకులు అమ్మినారు,
ఎవురి మురుకులు ముందు అయిపోయినాయని
అమ్మలిద్దరు రెండు రోజులు మాట్లాడుకోలేదు.

లెక్క రోజు కురియన్ సారు డబ్బా బోర్లించినాడు.
చిల్లర రాలలేదు.
దబ్బుమని ఒక ముద్ద పడింది.
ఉప్మా.
కరివేపాకుతో, జీడిపప్పుతో, డబ్బా ఆకారంలోనే.

ప్రతి నాణెం మీదా ఒక తెరచాప పడవ ఉంటుంది ఈ దేశంలో.
అన్ని పడవలూ రవ్వలో ఇరుక్కుపోయి ఉండాయి.

నాణేలు బకెట్లో నేనే కడిగినా.
నోట్లను ఒక్కొక్కటే
చేతులారబెట్టుకునే మిషను కింద పట్టినా.
నాలుగు మడతల పావు దీనారు ఒకటి, అది నాదే,
ఎవురూ చూడకుండా వేసింది.
ఆవగింజ అంటుకున్నది సరిగ్గా దానికే.

ఎవురు వేసినారంటే
రెండో తరగతి నిహాంత్ లేచి నిలబడినాడు.
"తిండిలేని వాళ్లకని చెప్పినారు గదా మిస్."
షైనీ టీచరు కండ్లు తుడుచుకుంది.
ప్రిన్సిపాల్ మేడం మరుసటి పొద్దున
అందరి ముందర వాణ్ని నిలబెట్టి
దయ గురించి పావుగంట చెప్పింది.
చప్పట్లు. నేనూ కొట్టినా.

నాకు తెలుసు.
జూన్ నించి ఆ పిల్లోడు ఉప్మా తిన్న రోజు లేదు.
ఒకనాడు చెత్తబుట్ట, ఒకనాడు కిటికీ, ఒకనాడు జోయెల్ సంచి.
మూత మెల్లగా, చప్పుడు కాకుండా
ఎట్ల ఎత్తాలో నేర్పించింది నేనే.
దయ కూడా ఉండొచ్చు లోపల,
లేదని నేనెందుకు చెప్పాల?
ఏడేండ్ల పిల్లోని కడుపులో
ఏది ఎంత ఉందో తూకమేసేందుకు
నేనేమన్నా కురియన్ సారునా?

మొత్తం నూటపద్నాలుగు దీనార్లు,
మున్నూటయాభై ఫిల్సులు.
రసీదు రాసినారు.
బ్యాంకులో కౌంటరు మనిషి ఒక నోటు వాసన చూసి
మళ్లీ చూసినాడంట.

ఆదివారం పదింబావు.
నిహాంత్ సంచిలోంచి రెండు బాక్సులు తీసినాడు.
కొడుకు గొప్పతనం విని వాళ్లమ్మ
మురిసిపోయి చేసిందంట:
ఒకటి వానికి,
ఒకటి దానానికి.
రెంటిలోనూ ఉప్మానే.

వాడు నా దిక్కు చూసినాడు.
నేను గోడ మీది కాగితం దిక్కు చూసినా.
నా గిన్నెలో పొద్దున చేసిన చిత్రాన్నం,
నిమ్మకాయ బాగా పిండినది.

మూత వదులు చేసి
బల్ల అంచున పెట్టి,
చివరి వరసలో ఫర్హీన్ మూతి తుడిచేదానికి పోయినా.
మామూలు కంటే
కాస్త ఎక్కువసేపే తుడిచినా.